అత్తయ్య ఈయం చెంబు

మా అత్తగారింట్లో చారు ఈయం చెంబులోనే కాగాలి. ఈయమంటే తగరం. అలాంటి చెంబొకటి ఉంటుందని మైలాపూరు కోడలినయ్యాకే నాకు తెలిసింది. మా గుంటూరు వైపు చారు స్టీలు గిన్నెలో కాస్తారు, తాగినవాళ్లంతా బాగానే ఉన్నారు.

కాపురానికొచ్చిన కొత్తల్లోనే అత్తయ్య నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టింది. "ఇదో చూడమ్మే, నీళ్లు పోసినాకే దీన్ని స్టవ్ మింద పెట్టాల. ఉత్తది పెట్టినావంటే రెండు నిముషాలు తాళదు, కరిగిపోతాది."

నాకు నవ్వాగలేదు. నేను స్కూల్లో సైన్సు టీచర్ని. లోహాలు గట్టిగా ఉంటాయి, కరగాలంటే బోలెడు వేడి కావాలి అని ఏటా పిల్లల చేత వల్లె వేయిస్తాను. వంటింటి గ్యాసు మంటకి చెంబు కరగడమేమిటి, విడ్డూరం కాకపోతే!

"చుమ్మా, ఊరికే చెప్తా ఉండాననుకున్నావా? కరిగినాక ఏడ్చినా రాదు," అని కసిరింది.

పుస్తకం తిరగేస్తే నిజమే, తగరం తొందరగా కరిగే లోహమట. మరి రోజూ అదే మంట మీద చారు మరుగుతుంటే ఎందుకు కరగదు? లోపలి నీళ్లు ఆ వేడిని లాగేసుకుంటాయి కాబట్టి. అర్థమైంది గానీ నమ్మకం మాత్రం కుదరలేదు. చాలాకాలం ఆ చెంబును చూస్తేనే నా గుండె దడదడలాడేది. తర్వాత్తర్వాత నేనూ అందులోనే చారు పెట్టసాగాను. నిజం చెప్పొద్దూ, ఆ రుచి స్టీలు గిన్నెలో రాదు.

అయినా అత్తయ్య హెచ్చరికలు ఆగలేదు. ఇత్తడి గిన్నెకు కళాయి పోయింది, పులుసు పెట్టబాక. ఇనప మూకుడు తడిగా వదలబాక, తుప్పు పడతాది. ఊరగాయ జాడీలో స్టీలు గరిటె వద్దు, కొయ్య గరిటె వెయ్యి. అన్నిటి చివరా ఎప్పుడూ ఒకటే మాట, ఈయం చెంబు ఉత్తది పెట్టబాక. "నేనేమన్నా చంటిపిల్లనా అత్తయ్యా?" అని విసుక్కునేదాన్ని.

ఈమధ్య ఒకరోజు ఊరగాయ జాడీలో స్టీలు గరిటె కనిపించింది. ఇంట్లో ఉండేదే ముగ్గురం. మా ఆయన పొద్దున్నే అంబత్తూరులో ఫ్యాక్టరీకి పోతాడు, ఊరగాయ జాడీ ఎక్కడుంటుందో కూడా ఆయనకు తెలియదు. అత్తయ్యనడిగితే, "నీ పనే," అంది. చెప్పేవి శ్రీరంగ నీతులు అని గొణుక్కున్నాను. మళ్లీ నాకే సందేహం. హడావిడిలో నేనే వేశానేమో, ఏమో.

మొన్న స్కూలు ఒంటిపూటే. రైలు దిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఏమ్మే! చూస్తివా నువ్వు చేసిన పని?"

పరిగెత్తాను. పొయ్యి మీద చెంబు పైసగమే ఉంది, అదీ ఒక పక్కకు ఒరిగిపోయి. కింది సగం తళతళా మెరుస్తూ బర్నరు చుట్టూ ముద్దగా పారింది. మంట ఇంకా వెలుగుతూనే ఉంది. గబుక్కున ఆపేశాను.

"నేనా? నేనిప్పుడే కదా వస్తున్నది!" నా గొంతు లేచింది. బ్యాగు ఇంకా భుజానే ఉంది.

"పొద్దున నువ్వే పెట్టి పోయినావు. నేను ఇన్నేళ్లలో ఒక్కనాడన్నా ఉత్తది పెట్టినానా?"

ఆమె అంత గట్టిగా అనేసరికి నాకు తల తిరిగిపోయింది. పొద్దున టిఫిను డబ్బా కట్టాను. గ్యాసు ఆపాను. ఆపానా? చెంబు కడిగి ఎక్కడ పెట్టాను? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నా మీద నాకే నమ్మకం పోయింది.

అత్తయ్య పట్టుకారుతో ఆ మిగిలిన సగాన్ని ఎత్తబోయింది. అంచు నుంచి ఒక చుక్క జారి గట్టు మీద పడింది.

"ఇంకా కారతా ఉండాది," అంది. అని ఆగిపోయింది.

నాకూ అప్పుడే తట్టింది. పొద్దుననగా పెట్టిన చెంబు ఇప్పటిదాకా కరుగుతూ ఉండదు.

"నేనే పెట్టుంటాను లెండి అత్తయ్యా. పోనీండి, ఇంకోటి కొనుక్కుందాం," అన్నాను.

"లేదమ్మే." ఇందాకటి కోపం ఆమె గొంతులో లేదు. "పొద్దున పెట్టింటే పొద్దున్నే పోయుంటాది. రెండు నిముషాలు తాళదే ఇది. నువ్వేమో ఇప్పుడు వస్తివి. వాడేమో అంబత్తూరులో ఉండాడు."

పట్టుకారు కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు సైన్సు చెప్తావు గదా, నువ్వే చెప్పు. మరి ఈడ ఎవురుండారు?"