మా థింసాకు అతికించిన మనిషి

అవి మూకీ సినిమాల రోజులు. నేను డుంబ్రిగుడ దగ్గర ఒక కొండ ఊళ్లో మిషన్ బడి పంతులుని. ఒకనాడు మద్రాసు నుంచి సినిమా వాళ్లు ఎద్దులబండి మీద కెమెరా వేసుకొచ్చారు. "మీ పెళ్లిళ్లలో థింసా ఎంత బాగా ఆడతారో లోకానికి చూపిస్తాం" అన్నారు. ఊరి పెద్ద సోంబురు ససేమిరా అన్నాడు. "నాదీ పూచీ, పెద్దాయనా" అని నేనే ఒప్పించాను. ఆడవాళ్లు దాచుకున్న చీరలు కట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో మూడుసార్లు ఆడారు.

కొన్నాళ్లకు ఆ సినిమా విజయనగరంలో డేరా వేసి ఆడిస్తున్నారని తెలిసి, సోంబురుని వెంటబెట్టుకెళ్లాను. తెర మీద కూతురు కనబడగానే ఆయన మురిసిపోయాడు. మరుక్షణం, గుంజకు కట్టేసిన తెల్లదొర! మళ్లీ మా ఆట. మళ్లీ ఆ దొర మెడ మీద కత్తి. ఇంకెక్కడో తీసిన ముక్కలు తెచ్చి మా థింసాకు అతికించారు, దుర్మార్గులు.

"నరబలి! కొండోళ్లు ఇంతే!" అని జనం అరుస్తున్నారు.

సోంబురు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ కట్టేసినోడెవుడు, పంతులు బాబూ? మా ఊరు ఎప్పుడొచ్చినాడు?"

"రాలేదు. అతికించారు."

"నువ్వక్కడే ఉన్నావు గదా. లెగిసి ఈళ్లకి సెప్పు, బేగి."

అంతమందిలో నేను లేవలేదు. చివరికి ఆయనే లేచాడు. "ఆ గుంట నా కూతురు! అది పెళ్లాట!" అని అరిచాడు. జనం పగలబడి నవ్వారు.

ఆ సినిమా వాళ్లను ఈనాటికీ తిట్టుకుంటాను. కానీ సోంబురుకు పూచీ ఇచ్చింది వాళ్లు కాదు.