సుద్ద అంటిన పేజీ

ఆ వీధిలో ఆవిడను అందరూ టైలరమ్మ అనేవారు. ముందుగదిలో కుట్టుమిషను, పక్కన కత్తిరింపు బల్ల, బల్ల మీద టేపు, నీలం సుద్దబిళ్ళ, నల్ల అట్ట బైబిలు. గుడ్డ విషయంలో ఆవిడంత అనుమానపు మనిషి ఇంకొకరు ఉండరు. కొలిచిందే మళ్ళీ కొలిచేది. మడతలు విప్పి మొత్తం పరిచి చూడందే కత్తెర పట్టేది కాదు. బైబిలు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఈ జాగ్రత్తంతా ఏ గంగలో కలిసేదో!

కళ్ళు మూసుకుని ప్రార్థించడం, పుస్తకం ఎక్కడ తెరుచుకుంటే అక్కడ వేలు పెట్టడం. వేలి కొసన ఏ వచనం ఉంటే అదే దేవుడి జవాబు. ఆవిడ చదువు అంతటితో సరి. ఇల్లు మారాలన్నా, మిషను కొనాలన్నా ఇదే పద్ధతి. ఓసారి వేలు వంశావళి మీద పడి, ఎవరు ఎవరిని కన్నారో తప్ప ఇంకేమీ దొరకలేదు.

"ఇంతకీ మిషను కొనమన్నాడా, పిల్లల్ని కనమన్నాడా?" అని వాచ్‌మన్‌గా పని చేసే భర్త పడీపడీ నవ్వాడు.

ఆవిడా నవ్వింది గానీ పద్ధతి మార్చలేదు. ఎందుకు మారుస్తుంది? చర్చిలో పాస్టరు అయ్యగారే ముందుకు పిలిచి, దేవుడిచ్చిన జవాబుల గురించి సాక్ష్యం చెప్పించి, విశ్వాసమంటే ఇలా ఉండాలని మెచ్చుకున్నారాయె. ఆ మెచ్చుకోలే కొంప ముంచింది.

వాచ్‌మన్‌కి కొత్త బూటు కరిచింది. షుగరున్న ఒళ్ళు. చిన్న పుండు మానలేదు సరికదా, పాదమంతా పాకింది. చెడిన కండ తీసేసి రోజూ కట్టు మార్చాలి, వెంటనే వచ్చి చేరమన్నాడు డాక్టరు.

మర్నాడు ఆయన సంచి సర్దుకుని గడపలోకి వచ్చాడు. గుడ్డ మీద గీతలు గీస్తున్న ఆవిడ లేచింది.

"ఒక్క నిమిషం ఆగండి. దేవుణ్ణి అడిగి వెళ్దాం."

నీలం సుద్ద అంటిన వేలు పేజీ మీద పడింది. నీ ప్రార్థన విన్నాను, నీ కన్నీళ్ళు చూశాను, నిన్ను బాగుచేస్తాను అన్న మాట అది. ఆవిడ భోరున ఏడ్చింది. ఆయన వచ్చి చదువుకున్నాడు. కత్తి అంటే లోలోపల వణికిపోతున్న మనిషి, ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది.

"ఆయనే అంతమాట అన్నాక ఇంక ఆసుపత్రెందుకే?" అని సంచి కింద పెట్టేశాడు.

ఉన్న కట్టు కూడా ఆవిడే విప్పేసింది. మందు వేస్తే నమ్మనట్టే కదా! అయ్యగారు వచ్చి, కాలు చూసి, ప్రార్థన చేసి వెళ్ళారు. ఆసుపత్రి మాట ఆయనా ఎత్తలేదు. జ్వరమొచ్చి ఒంటి మీద తెలివి తప్పాక ఇరుగుపొరుగు మోసుకెళ్ళారు గానీ, అప్పటికే చెయ్యి దాటిపోయింది.

సమాధి చేసి వచ్చాక అయ్యగారు పరామర్శకు వస్తే, టైలరమ్మ బైబిలు తెరిచి ఆయన ముందు పడేసినంత పని చేసింది.

"చదవండి. దేవుడు నాకు మాటిచ్చి తప్పాడు. ఎందుకు తప్పాడో మీరే చెప్పండి."

ఆయన అధ్యాయం మొదటినుంచి చదివారు. జబ్బుపడిన రాజు. చచ్చిపోతావని చెప్పిన ప్రవక్త. గోడవైపు తిరిగి ఏడ్చిన రాజు. అప్పుడు దేవుడు పంపిన జవాబు.

"ఇది ఆ రాజుకి చెప్పిన మాటమ్మా," అన్నారు మెల్లగా.

"తర్వాత?"

ఆయన కళ్ళు కింది వచనాల మీదికి జారాయి. "మళ్ళీ ఎప్పుడైనా చదువుకుందాంలేమ్మా," అని పుస్తకం మూయబోయారు.

ఆవిడ లాక్కుంది. వేలి కొస దాటి చదవడం ఆవిడకు జీవితంలో అదే మొదటిసారి. వచనం కింద, వేలు ఆనిన మేర నీలం మరక అలాగే ఉంది. పమిట కొంగుతో తుడిచి, కూడబలుక్కుంటూ చదివింది. అంజూరపు పండ్ల ముద్ద తెమ్మన్నాడు ప్రవక్త. తెచ్చి రాజు పుండు మీద వేశారు. రాజు బాగుపడ్డాడు.

పుస్తకం ఆయన వైపు తిప్పి, మరక తుడిచిన చోట వేలు పెట్టింది.

"పుండుకి మందు వెయ్యమన్నాడు, అయ్యగారూ," అంది. "ఇక్కడే ఉంది. నా వేలి కిందే ఉంది."