ప్యాషన్ పాటలకు పట్టు పావడ

మొన్న మనవరాలు స్నేహితురాలి పెళ్లికి తయారవుతూ ముఖానికి పౌడరు అద్దుకుంటుంటే ఆ వాసన గది దాటి నా దాకా వచ్చింది. కూర్చున్న చోటే సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. డెబ్బై దాటిన ముసలిదానికి పౌడరు వాసనకు సిగ్గేమిటని మీరు నవ్వినా నవ్వుతారు. నవ్వండి, కానీ సంగతంతా విన్నాక.

అరవైల మొదట్లో మైపాడు దగ్గరి మా ఊరి బడికి సుగుణమ్మ టీచరు నెల్లూరు నుంచి వచ్చింది. పిల్లాజెల్లా లేని విధవ, కిరస్తానీ, కాలవ గట్టు మీది పెంకుటింట్లో ఒంటరిగా ఉండేది. ఎనిమిదో తరగతితో ఆడపిల్లకు చదువు చాలనుకునే మా ఊళ్లో, ఐదుగురిని ఎలాగైనా నెల్లూరు హైస్కూల్లో చేర్పించాలని పట్టుబట్టి, సాయంత్రాలు ఇంట్లో కూర్చోబెట్టి ఇంగ్లీషూ లెక్కలూ చెప్పేది. ఆ ఐదుగురిలో నేనంటే ఆమెకు మరీ ముద్దు.

వరికోతలైపోయి, కళ్లాల్లో గడ్డివాములు లేచి, నవమి పందిట్లో తాగిన పానకం మిరియాల ఘాటు ఇంకా గొంతులో ఉండగానే తాటిముంజలు దిగే ఎండాకాలం. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే గానీ ప్రాణం లేచొచ్చేది కాదు. శుక్రవారం సెలవు గదా, మా ఇంట్లో ప్యాషన్ పెడతాను, వినాలనుంటే రండి అని టీచరమ్మ పిలిచింది. మా ఊళ్లో ప్యాషన్ అంటే ఒకటే అర్థం: జడకు రిబ్బన్లు, కంటికి తోక కాటుక, వీధిలో వయ్యారంగా నడవడం. ప్యాషన్ పాటలంటే ఇక సినిమా పాటలేనని తేల్చేసుకున్నాం. అవ్వ కలరా ఉండలేసి పెట్టెలో దాచిన పట్టు పావడ అడక్కుండా తీసి కట్టుకుని, మూరెడు కనకాంబరాలు తురుముకుని, పౌడరు డబ్బాలో సగం ముఖానికి కొట్టుకుని బయల్దేరాను. మిగతా నలుగురూ నాకేం తీసిపోలేదు.

పోయి చూస్తే టీచరమ్మ తెల్లచీరలో, ఎండిన పెదాలతో ఉంది. ఆ రోజు గుడ్ ఫ్రైడే, ఆమెకు ఉపవాసం. మా సింగారాలు చూసి, చాప పరిచింది. ఏసు చనిపోయిన కథ ఇది, దీన్నే ప్యాషన్ అంటారు, రెండువందల ఏళ్ల ముందు జర్మనీ దేశంలో కట్టిన పాట అని చెప్పి, తన దేశానికి తిరిగి వెళ్లిపోయిన మిషను ఆసుపత్రి దొరసాని డాక్టరు ఇచ్చిన గ్రామఫోను పిడి తిప్పింది. పెట్టె నిండా రికార్డులు. నాలుగు నిమిషాలకొకటి అయిపోయేది, మళ్లీ పిడి తిప్పేది, మళ్లీ ముల్లు పెట్టేది. ఒక గుంపు పిలుస్తుంది, ఇంకో గుంపు ఏదో అడుగుతుంది, ఆ రెండింటి మీదుగా పసిపిల్లల గొంతులు సాగిపోతాయి. మాట ఒక్కటీ తెలియకుండానే నాకు ఏడుపొచ్చింది. అది ఎక్కడ బయటపడుతుందోనని పక్కపిల్లను గిల్లి, “ఎవురో చచ్చినట్టు ఏడస్తా ఉండారే,” అన్నాను. అందరూ కిసుక్కుమన్నారు.

టీచరమ్మ కోప్పడలేదు. “అవునమ్మా, చనిపోయినాడు. అందుకే ఏడస్తా ఉండారు,” అని ఇంకో రికార్డు పెట్టింది. పొద్దు వాలేదాకా విన్నాం.

ఇంటికొచ్చేసరికి పావడ చెమటకు తడిసి, చాప మీద నలిగి, అంచు కాలవ బురదలో నాని ఉంది. అవ్వ గుమ్మంలోనే పట్టుకుంది. టీచరమ్మ ప్యాషన్ అనింది, అందుకే కట్టుకున్నానని చెప్పాను. వాళ్ల దేవుడి పాటలు వినిపించిందనీ చెప్పాను. అంతవరకూ నిజమే. అవ్వ చూపు పావడ మీంచి నా ముఖం మీదికి మారింది. “తినేదానికి ఏమన్నా పెట్టిందా?” అని అడిగింది. పావడ సంగతి మరిచిపోతుందన్న ఆశతో, “పెట్టింది,” అన్నాను. పెట్టలేదు. మంచినీళ్లు కూడా మేం అడిగితేనే ఇచ్చింది.

తెల్లారేసరికి ఊరంతా ఒకటే మాట: టీచరమ్మ సింగారించుకుని రమ్మని, తిండి పెట్టి, ఆడపిల్లల్ని మతంలో కలుపుకుంటోందని. అవ్వ నా నెత్తిన పసుపునీళ్లు పోసింది. మాలో ఒక్కరు కూడా మళ్లీ ఆ గట్టు ఎక్కలేదు. మూడోనాడు ఆమే మా ఇంటికొచ్చి, వాకిట్లోనే నిలబడి, అవ్వ ఎదుటే నన్ను అడిగింది: “నేనేం పెట్టినానమ్మా నీకు?”

తలుపు గొళ్లెం పట్టుకుని నేల చూశాను. ఆమె వెళ్లిపోయింది. వేసవి సెలవుల్లో బదిలీ చేయించుకుని, గ్రామఫోను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కిందని విన్నాను. మా ఐదుగురి చదువూ ఎనిమిదితోనే సరి.

ఇప్పుడు ఆ పెంకుటింటి చోట రొయ్యల గుంట ఉంది. కాలవ పూడిపోయింది, గట్టు ఎక్కడుండేదో చూపించడానికి కూడా మనిషి లేడు. పోయినేడు మనవరాలి ఫోనులో ఆ పాట మొత్తం పెట్టించుకున్నాను. పిడి తిప్పే పని లేదు, గంటలకొద్దీ ఆగకుండా పోతూనే ఉంటుంది. నడుమ ఒకచోట, తన గురువెవరో తెలియదని బొంకిన శిష్యుడు వెక్కి వెక్కి ఏడుస్తాడని మనవరాలు చదివి చెప్పింది. ఆపెయ్యమన్నాను. పిల్ల కంగారుపడి ఏమైందవ్వా అంది.

“ఏమీ పెట్టలేదే ఆమె,” అన్నాను.

ఎవరు, ఏం పెట్టలేదు అని అది అడుగుతూనే ఉంది.