సమ్మన్న బావ, ఆయన అంబాసిడర్, నడుమ ప్రహ్లాద్

మా బావ సమ్మన్నకు పాలుపోసే మనిషి మీద కూడా అనుమానమే. నీళ్లు కలుపుతాడని కాదు, కలపడం లేదని. "ఇన్నేండ్ల సంది పోస్తుండు, ఒక్కనాడు గూడ నీళ్లు కల్పలే. ఏందో మతలబు ఉన్నది సీతారాం" అంటాడు నాతో. చంద్రపూర్‌లో తుకుం అనే పేటలో ఆయన ఇనుప సామాన్ల దుకాణాన్ని ఆనుకునే నా పిండిగిర్ని. ఆయన భార్య కాంతమ్మ నా సొంత అక్క. పెళ్లిచూపులకు వచ్చిన రోజున మా అక్కను గుమ్మం దాకా నడిపించి చూసి, కాలు అవిటేమోనని "ఇంకొక్కపారి నడువు" అన్న ఘనుడాయన. మా అక్క ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయింది. నేను మరవలేదు, మరవను కూడా.

ఇలాంటి మనిషికి స్నేహితులు ఎందుకుంటారు? చుట్టాలు గడప తొక్కితే ఏం అడగడానికి వచ్చారోనని చూస్తాడు. ఇరుగుపొరుగు పలకరిస్తే పొడిపొడిగా జవాబిస్తాడు. ఆయన మనసువిప్పి మాట్లాడే మనిషి లోకంలో ఒక్కడే, ప్రహ్లాద్. ఇద్దరిదీ రాజురా దగ్గర ఒకే ఊరు. పొలం పనులు ఒంటబట్టక ఇద్దరూ కుర్రతనంలో ఒకే బస్సెక్కి చంద్రపూర్ వచ్చారు. ఈయన దుకాణం పెట్టాడు, ఆయన పద్మాపూర్ పోయే దారిలో మోటారు గ్యారేజి పెట్టాడు. ఆదివారం వస్తే ప్రహ్లాద్ మా అక్క ఇంట్లోనే భోంచేయాలి. మా బావ పొట్ట చెక్కలయ్యేలా నవ్వడం నేను ఆ ఆదివారాల్లోనే చూశాను. పోయిన వానాకాలంలో ఆ ఒక్క స్నేహమూ మంటగలిసేదాకా వచ్చింది. దానికంతటికీ కారణం అంబాసిడర్ కారు.

ఆ కారు పద్మాపూర్ బొగ్గుగనుల్లో పనిచేసిన ఒక సాహెబ్‌ది. ఆయన బదిలీ మీద వెళ్లిపోతూ అమ్మేస్తే, ప్రహ్లాద్ దగ్గరుండి మా బావ చేత కొనిపించాడు. మీగడరంగు బండి, గుండ్రటి ముఖం. మా ఊళ్లో పొద్దున తుడిచిన బండి మధ్యాహ్నానికి బొగ్గుపొడి కప్పుకుంటుంది. అయినా మా బావ దాన్ని అద్దంలా ఉంచేవాడు. బ్యాటరీ బండ్లు చప్పుడు లేకుండా తిరిగే ఈ రోజుల్లో అది గుర్రుమంటూ వీధిలోకి వస్తే పిల్లలు ఆగి చూస్తారు. పిల్లలు చూస్తేనే మా బావకు భయం. ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు ఎప్పుడూ వేలాడాల్సిందే.

వానలు పడే ముందు వరోరాలో ఒక పెళ్లికి ఆ కారు అడిగారు. పూలదండలు వేసి పెళ్లికూతురిని అందులో ఊరేగించారు. అక్కడ నాగపూర్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కారు చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. పాత కార్లు పోగేయడం ఆయన సరదా. ఆ మర్నాడు కారు బాగుచేసే ప్రహ్లాద్‌ను వెతికి వెంటబెట్టుకుని మా బావ దుకాణానికే వచ్చి, అమ్ముతారా అని అడిగాడు. మా బావ అమ్మనన్నాడు. ఆయన నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ నవ్వు మా బావకు ముల్లులా గుచ్చుకుంది.

మొదటి వానలతో బండి మొరాయించడం మొదలైంది. తాళం తిప్పితే దగ్గుతుంది, అంటుకోదు. అంటుకున్నా సిగ్నలు దగ్గర ఎగిరెగిరిపడి ఆగిపోతుంది. పొగగొట్టంలోంచి ఢామ్మని పేలుతుంది. ఎండ కాస్తే కొంచెం నయం, చినుకు పడితే మళ్లీ అదే గోల. మా బావ దాన్ని ప్రహ్లాద్ దగ్గరికి తీసుకెళ్లాడు. ప్రహ్లాద్ స్పార్క్ ప్లగ్గులు విప్పి చూశాడు. రెండు శుభ్రంగా ఉన్నాయి. రెండు మాత్రం పెట్రోలుతో తడిసి నల్లగా మసిబారాయి. ఆ రెంటికీ నిప్పురవ్వ సరిగా అందడం లేదన్నమాట. నాలుగూ కొత్తవి వేశాడు. ఎప్పటిలాగే అన్నీ పెట్రోలు గుడ్డతో తుడిచి మూతలు పెట్టాడు. బండి మల్లెపువ్వులా నడిచింది.

అమావాస్య దాటగానే మళ్లీ దగ్గు. ఈసారి ప్రహ్లాద్ రవ్వ పుట్టించే పాయింట్లు గరుకు కాగితంతో రుద్దాడు, కండెన్సర్ మార్చాడు, తుడిచాడు. మళ్లీ బాగైంది. ఇంకో అమావాస్యకు మళ్లీ మొదటికొచ్చింది. కాయిల్ మార్చి, తుడిస్తే నడిచింది. రోగం మాత్రం అంతుబట్టలేదు. ప్రహ్లాద్ మొహం చిన్నబోయింది. "సమ్మన్నా, నా చేతికి అందుతలేదు గిది. జెర ఓపిక పట్టు" అన్నాడు.

మా బావ ఓపిక పట్టలేదు. రాత్రింబవళ్లు లెక్కలు కట్టాడు. "సూడు సీతారాం, వాని గ్యారేజికి పోతే బాగైతది. ఇంటికి రాంగనె ఖరాబైతది. బాగుచేసినట్టే చేసి ఏందో గడబడ పెడ్తుండు. నాకు ఇసుగు పుట్టాలె, బండి నాగపూరోనికి అమ్మాలె. గా కమీషన్ వీడు తినాలె" అన్నాడు.

"బావా, వాడు ప్రహ్లాద్. నీ కొడుకు పెండ్లిల చెప్పులు ఇడ్సి వడ్డించినోడు" అన్నాను.

"గందుకే అంటున్న. దగ్గరోడే చేస్తడు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ తర్కం ప్రకారం నేను కూడా దగ్గరివాడినే. ఆ సాయంత్రం నుంచి నా గిర్నిలోకి కూడా తొంగిచూడ్డం మొదలుపెట్టాడు.

ఒకరోజు గ్యారేజి ఎదుట చాయ్ హోటల్లో పదిమందీ ఉండగా అడిగేశాడు. "నాగపూరోడు నీకు ఎంత ఇస్తనన్నడు?" అని. ప్రహ్లాద్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో గ్లాసు బల్లమీద పెట్టాడు. గట్టిగా అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "మీ బండి తీసుకపోండ్రి సేఠ్" అన్నాడు. అంతకాలం 'సమ్మన్నా, ఏమిరా' అని పిలిచిన నోటితో సేఠ్ అన్నాడు. నేనైతే చెంప పగలగొట్టేవాణ్ని. అది ఇంకా నయంగా ఉండేది.

ఆ ఆదివారం ప్రహ్లాద్ రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. మా అక్క వండింది వండినట్టే ఉండిపోయింది. "ఆయినె రాకపోతె నాకు వండబుద్ధైతలేదు" అని పొయ్యి దగ్గరే కూర్చుని ఏడ్చింది. మా బావ కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోకుండానే లేచాడు. ఆ మనిషి బెంగపెట్టుకున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఒప్పుకుంటే కదా! ఊళ్లో వేరే గ్యారేజికి తీసుకెళ్తే వాళ్లు ఇంజనే మార్చేయమన్నారు. వీళ్లూ నాగపూర్ వాడి మనుషులేనని బండి వెనక్కి తెచ్చుకున్నాడు.

చివరికి నేనే, "బావా, రవ్వ ఎక్కడ పోతుందో మనమే చూద్దాం. గిర్ని మోటార్లు చూసినోణ్ణి, కొంచెం తెలుసు" అన్నాను. ముసురు పట్టిన మధ్యాహ్నం. దుకాణం వెనక రేకుల షెడ్డులో బండి ఉంది. బానెట్ ఎత్తి స్టార్ట్ చేశాం. వెంటనే మా బావ వెళ్లి షట్టర్ కిందికి లాగేశాడు.

"పొగతోటి సస్తం బావా!"

"ఎదురింటి భీమయ్య సూస్తుండు. వానికెందుకు మన బండి సంగతి?"

భీమయ్యకు రెండు కళ్లకూ శుక్లాలు. పక్క మనిషే కనబడడు. ఆ మాట అందామనుకుంటుండగానే చీకట్లో ఇంజను మీద ఏదో మెరిసింది. సన్నని నీలిరంగు రవ్వలు. డిస్ట్రిబ్యూటర్ అని ఒక డబ్బా ఉంటుంది. నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా కరెంటు పంచేది అదే. దాని నల్లటి మూత మీద, ఒక తీగ మొదట్లోంచి పక్క తీగ మొదట్లోకి రవ్వలు చిటపటమని పాకుతున్నాయి. ప్లగ్గులకు చేరాల్సిన నిప్పు అక్కడే దారి తప్పుతోంది. షట్టర్ ఎత్తి ఉంటే పగటి వెలుతురులో అది జన్మలో కనబడేది కాదు.

ఇంజను ఆపి, షట్టర్ ఎత్తి, ఫోను లైటు వేసి ఆ మూత మీద వేలు పెట్టాను. జిడ్డుగా తగిలింది. వేలు నల్లబడింది. వాసన చూశాను. ఆముదం. దీపం మసిలో ఆముదం కలిపి మా అక్క చేసే కాటుక వాసన అది. ఆ ఇంట్లో పుట్టిన పసిపాపలందరి బుగ్గలమీదా చూసిన చుక్క అది.

"బావా, గిదేంది?"

మా బావ బంపరు మీది నిమ్మకాయ వైపు చూశాడు.

"నేనే పెట్టిన" అన్నాడు చివరికి. "గా నాగపూరోని కండ్లు మంచియి కావు. నిమ్మకాయ అందరికి కనబడ్తది, దానికేం బలముంటది? ఎవ్వనికి కనబడని జాగల సుక్క పెడ్తె మంచిదని పెట్టిన. పతి అమాసకు పెడ్తున్న. గ్యారేజికి పోయొచ్చినప్పుడల్ల సుక్క ఉంటలేదు. వాడు కావాల్ననే తుడుస్తుండు అనుకున్న."

నల్ల మూత మీద నల్ల చుక్క. ప్రహ్లాద్‌కు ఎలా కనబడుతుంది? ఆయన దుమ్మనుకుని తుడిచిన ప్రతిసారీ బండి బాగైంది. ఈయన అమావాస్యకు మళ్లీ పూసిన ప్రతిసారీ పాడైంది. మసి కరెంటును లాక్కుంటుంది, తడిగాలి తగిలితే ఇంకా లాక్కుంటుంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. గుడ్డతో తుడిచి చూస్తే మూత మీద వెంట్రుకవాసి గీత పడి కాలిపోయింది. ఇక ఆ మూత పనికిరాదు. అంత పాత మోడల్ మూత మా ఊళ్లో ఉంటే గింటే ప్రహ్లాద్ దగ్గరే ఉండాలి.

మర్నాడు దగ్గుతూ ఎగురుతూ పద్మాపూర్ దారి పట్టాం. నడిపేది మా బావ, పక్కన నేను. దారిపొడుగునా ఆయన నోట ఒకటే మాట. "వాడు నమ్ముతడా? గిది గూడ నాటకమనుకుంటడేమొ." జీవితంలో మొదటిసారి ఎదుటివాడు తనని అనుమానిస్తాడని భయపడ్డాడు. అక్కసు కొద్దీ నేను ఊరడించలేదు.

ప్రహ్లాద్ లేచి రాలేదు. కూర్చున్న చోటి నుంచే, "ఏం కావాలె సేఠ్?" అన్నాడు. పనివాళ్లూ, చాయ్ తాగేవాళ్లూ వింటున్నారు. మా బావ వాళ్లందరి ముందే మొత్తం చెప్పేశాడు. చుక్క సంగతి, అమావాస్యల సంగతి, ఆదివారాల సంగతి. "తప్పు నాదే. నీ మీద పడేసిన" అన్నాడు. చాయ్ హోటల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రహ్లాద్ మూత చూశాడు. ఆయన పెదవి కూడా కొంచెం కదిలింది, అంతలోనే బిగుసుకుంది. లోపలికి వెళ్లి పాత సామాన్ల అరలోంచి ఒక మూత వెతికి తెచ్చాడు.

మా బావ తాళంచెవి ఆయన చేతికి ఇవ్వబోయాడు. "బండి ఈడ్నే ఇడ్సి పోత. ఎన్ని దినాలన్న ఉంచుకో, ఏమన్న ఇప్పుకో. నేను మల్ల అడగ."

దుకాణం గల్లాకు కన్నకొడుకు దగ్గర కూడా తాళంచెవి ఉంచని మనిషి అన్న మాట అది. ప్రహ్లాద్ కరిగిపోతాడనుకున్నాను.

"వద్దు సేఠ్" అన్నాడు ప్రహ్లాద్. "మీరు ఈడ్నే నిలబడుండ్రి. నేను ఇప్పేది సూడుండ్రి, పెట్టేది సూడుండ్రి. రేపు బండి మల్ల ఆగితె గా మాట ఇంకోపారి పడే తాకత్ నాకు లేదు."

ఆయన పని మొదలుపెట్టాడు. పాత మూత మీంచి ఒక్కొక్క తీగనే ఊడదీస్తూ, మా బావ కళ్ల ఎదుట ఎత్తి పట్టుకుని, "సూసిన్రా సేఠ్?" అని అడిగాడు. కొత్త మూతలో పెట్టి మళ్లీ, "సూసిన్రా?" అన్నాడు. మా బావ అడిగినప్పుడల్లా తలూపాడు. కళ్లనిండా నీళ్లు. ఆయనకు ఏ తీగా కనబడటం లేదు.