పలకని వీల్ కప్పులు

మా కప్పుల బాబాయి షెడ్డులో గోడ కనపడదు. కారు చక్రాలకు తొడిగే వీల్ కప్పులే కింది నుంచి పైదాకా మేకులకు వేలాడుతుంటాయి. ఎవరి కారుకు కప్పు ఊడిపోయినా దానికి జత ఇక్కడ దొరకాల్సిందే. చంద్రుడికి ఊడినా మా బాబాయి దగ్గరికే రావాలి, పందెం!

కప్పు తొడిగాక నట్లు కనపడవు. లోపల వదులుగా ఉన్నా పైకి చక్రం పెళ్లికొడుకులా మెరిసిపోతుంది. అందుకే బాబాయిది ఒకటే పద్ధతి. పిన్ని నట్లు బిగించేది. "బిగిసిందా?" అని ఆయన కేక వేసేవాడు. "బిగిసింది!" అని ఆమె అన్నాకే అరచేత్తో కొట్టి కప్పు తొడిగేవాడు. పోయిన చలికాలంలో పిన్ని పోయింది. నట్లు ఇప్పుడు బాబాయే బిగిస్తాడు. అడగడం మాత్రం మానలేదు.

అడిగితే గోడ మీద ఏదో ఒక కప్పు టింగుమంటుంది. గాలి ఉండదు, పిల్లీ ఉండదు. నమ్మక నేనే ఒకసారి వెళ్లి ఓ కప్పును రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. సరిగ్గా అదే మోగింది. అప్పట్నుంచి నా వేళ్లు ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటాయి, కావాలంటే పట్టుకు చూడండి.

మొన్న అక్క, అంటే బాబాయి కూతురు, చంటిపాపతో కొండ అవతలి ఊరికి బయలుదేరింది. బావకు అక్కడికి బదిలీ. కారుకు కొత్త టైర్లు వేసి బాబాయి నట్లు బిగించాడు.

"బిగిసిందా?"

గోడ పలకలేదు. మళ్లీ అడిగాడు. అన్ని కప్పుల్లోనూ ఆయన మొహమే, సాగిపోయి, నోళ్లు తెరుచుకుని.

"గోడకు చెవుడొచ్చినట్టుంది మామయ్యా. కొట్టెయ్యండి, పొద్దుపోతోంది," అన్నాడు బావ.

"ఉండవయ్యా! మీ అత్తయ్య వద్దంటోంది."

నాలుగు చక్రాలూ ఊడదీశాడు. ఎక్కడా లోపం లేదు. తిరిగి బిగించి అడిగాడు. చడీచప్పుడూ లేదు. కారు తాళం జేబులో వేసుకున్నాడు. "ఈ బండి కదలదు. కొండ దారిలో నా బిడ్డల్ని పంపను."

అక్కకు ఒళ్లు మండింది. "అయితే నన్నూ ఓ మేకుకు తగిలించెయ్ నాన్నా! ఆయన రేపు పనిలో చేరొద్దూ? బిగించింది నీ చెయ్యేగా, దాని మీద నీకే నమ్మకం లేదా?"

బాబాయి చాలాసేపు తన అరచెయ్యి చూసుకున్నాడు. తర్వాత ఏమీ అడక్కుండానే కప్పులు కొట్టి, తాళం ఇచ్చేశాడు.

కారు వెళ్లాక ఫోను ఒళ్లో పెట్టుకుని గోడకెదురుగా కూర్చున్నాడు. ఆ షెడ్డు అంత ఖాళీగా ఎన్నడూ లేదు.

దీపాలు పెట్టే వేళకు ఫోను మోగింది.

"చేరాం నాన్నా, ఏ ఇబ్బందీ లేదు. పాప కూడా ఏడవలేదు. నా భుజం మీంచి వెనక ఖాళీ సీటు వైపే చూస్తూ, ఎవరో ఆడిస్తున్నట్టు దారంతా ఒకటే నవ్వు!"

బాబాయి గోడను కింది నుంచి పైదాకా చూశాడు. ఆయన మొహం మెల్లగా తేటపడింది.

"వెనక సీట్లో సామాన్లేం పెట్టకమ్మా," అన్నాడు. "మీ అమ్మకు మోకాళ్ల నొప్పి. కాళ్లు చాపుకోవాలి."