స్తంభానికి రెండో వైపు

మద్రాసు మ్యూజియం చూసివచ్చిన మనవరాలు పోయిన వారం ఫోనులో ఫోటోలు జరుపుతూ చూపిస్తుంటే, ఒక రాతి స్తంభం దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. ముందువైపు హంసను నేను కళ్ళు మూసుకుని గీయగలను. వెనకవైపు హంసను చూడడం మాత్రం అదే మొదలు. అది మెడ వెనక్కి తిప్పి ముక్కుతో తన రెక్కను దువ్వుకుంటోంది. అప్పటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

పంతొమ్మిది వందల యాభైలలో ఎమ్మిగనూరు నేతగాళ్ళ సంఘంలో నాది చీర అంచులకు బొమ్మలు గీసే పని. మా బావ, అంటే అక్క భర్త, పరాయి మగ్గాల మీద కూలికి నేసేవాడు. సంఘం పెద్దాయన నన్ను పిలిచి, మద్రాసులో ఉన్న జంట హంసల స్తంభాన్ని ఉన్నదున్నట్టు గీసుకురమ్మనీ, ఆ అంచుతో మొదటి చీర బావ నేస్తాడనీ, అది బాగా వస్తే సంఘంలో కొత్త అంచులు నేసే నమూనా మగ్గం నెలజీతం మీద అతనికే ఇస్తాననీ చెప్పాడు. ఆ మాటతో అక్క ముఖం ఎంత వెలిగిందో నాకింకా గుర్తుంది.

ఆదోనిలో రైలెక్కినప్పటినుంచి నాకు కాలు నిలవలేదు. మ్యూజియంలో ఎత్తైన కప్పు, పైకిటికీల వెలుతురు, అడుగు వేస్తే మారుమోగే గచ్చు. ఒక విగ్రహం చెయ్యి గీస్తుంటే పక్కగది పిలిచేది, అక్కడికి పోతే గుమ్మం మీది కమాను గీయాలనిపించేది, రెండు రోజులూ అన్నీ సగం సగమే. హంస ఒక్కటే కుదిరింది. మా పనిలో రెండు వైపులా ఒకటే అయితే సగమే గీస్తాం, నేసేవాడు దాన్నే తిప్పి రెండో సగం నేస్తాడు. వేరైతే రెండు కాగితాలిస్తాం. ఆ అలవాటుకు తోడు సముద్రం చూడాలన్న ఆత్రం. గదులన్నీ తిరిగినవాణ్ణి ఆ ఒక్క రాయి చుట్టూ తిరగలేదు.

ఒకే కాగితం ఇస్తే బావ అనుమానంగా చూశాడు. "రెండోది గూడా ఇట్లే ఉండాదా అప్పా? సముద్రం సూసొచ్చిన కండ్లను నమ్మేదెట్ల?"

"సూసినా బావా. నువ్వు నేసేది సూసుకో," అని నవ్వాను.

నెలరోజులు నేసిన చీరను సంఘంలో పరిచినప్పుడు పెద్దాయన అంచును రెండుసార్లు తడిమి చూసి బావ వైపు తిరిగాడు. "ఎనక్కి సూసే హంస యాడప్పా? దానికోసమే గదా ఈ పిల్లోన్ని అంత దూరం పంపింది! రెండో కాగితం తీయకుండానే తిప్పి నేసినావా?"

బావ నా వంక చూశాడు. నేను కిటికీలోంచి నూలు బండిని చూస్తూ నిలబడ్డాను.

"ఔ సామీ, నేనే తొందరపడినాను," అన్నాడు బావ.

నమూనా మగ్గం ఇంకొకరికి పోయింది. బావ ఆదోనిలో పత్తి మిల్లుకు చేరాడు, దూది నుసికి దగ్గు పట్టుకుంది. నేను ఎప్పుడు పోయినా "రాప్పా హంసప్పా" అనేవాడు గానీ, చనిపోయేదాకా ఆ సంగతి అక్కతో అనలేదు. నేనూ అనలేదు.

ఇప్పుడు ఎవరూ రాయి ముందు కూర్చుని గీయనక్కరలేదు, ఫోను నిమిషంలో చుట్టి వస్తుంది. మేము గీసే గళ్ళ కాగితం కోసం బజారంతా తిరిగినా దొరకలేదు. మనవరాలి లెక్కల పుస్తకంలోంచి గళ్ళ కాగితం అడిగి తీసుకుని రెండో హంసను గీశాను. మెడ తిరిగేచోట రెండుసార్లు చెరిపి గీశాను. రేపు ఆదోనికి, అక్క దగ్గరికి పోతాను. ఆమెకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. కాగితం చేతిలో పెట్టి ఊరుకోవడానికి లేదు, నోటితోనే చెప్పాలి.