నాయన ముందర బిడ్డనెత్తని పిల్లల డాక్టరు

ఆ గడప కాడ ఎండ కొడతాది, ఇట్ల చాప మీదికి జరగండి. చేతిలో పనుంటే పనితోనే రండి, శనక్కాయలు ఒలుచుకుంటానే వినొచ్చు. మా మరిది పిల్లల డాక్టరు చదువుకు సీటు ఎట్ల తెచ్చుకున్నాడో చెప్తా. ఆయప్పను అడిగితే ఒక రకంగా చెప్తాడు. మా మామ బతికున్నన్నాళ్లూ ఇంకో రకంగా చెప్పినాడు. నేను కండ్లారా చూసినదాన్ని, నా మాట వినండి.

మాది కోయిలకుంట్ల పక్కన పల్లె. ఇంట్లో అత్త, మామ, నా మొగుడు, నేను, నా సంకలో చంటోడు. మా మరిది మద్రాసులో డాక్టరు చదువుతాండె. ఆఖరి ఏడు సెలవులకొచ్చి, మామ జొన్నరొట్టె తింటాంటే ఎదురుగా నిలబడి మెల్లగా బయటపెట్టినాడు.

"నాయనా, ఇది అయిపోతానే పిల్లల వైద్యం చదవాలనుకుంటాండా."

మామ నమిలేది ఆపినాడు. "పిల్లలకు వేరే వైద్యమేందిరా? నొప్పి యాడుండాదో చెప్పలేని నాయాళ్లకు నువ్వేం చూస్తావు?"

"చెప్పలేరనే కదా వేరే చదువు పెట్టినారు."

"ముక్కు తుడిచే చదువా? గుండె డాక్టరంటే ఊర్లో చెప్పుకుంటా. కంటి డాక్టరన్నా చెప్పుకుంటా. చీమిడి డాక్టరని ఏ మొగం పెట్టుకొని చెప్పేది? మేమంతా వస సాది నాలిక మీద రాస్తే పెరగలేదా?"

"పెరిగినోళ్లే కదా నాయనా ఈడ కూర్చోని చెప్పేది. పెరగనోళ్లు వచ్చి చెప్పలేరు."

అత్త రొట్టె తట్టేది ఆపింది. మా మరిదికి ముందొక బిడ్డ, వెనకొక బిడ్డ ఆమె ఒడిలోనే పోయినారు. మామ ఇంకో రొట్టె అడగకుండానే చెయ్యి కడుక్కొని లేచిపాయ. ఆయన ఓడిపోయినానని నోటితో ఎప్పుడూ అనలేదు, చెయ్యి కడుక్కునేవాడు. మేము అర్థం చేసుకోవాల.

నిజం చెప్పాలంటే నాక్కూడా నవ్వొచ్చింది. పిల్లల డాక్టరయితానంటాండే ఈ మనిషి బిడ్డను ఎత్తుకోంగా నేను చూడనే లేదు. మా ఇంటి మర్యాద అట్లాంటిది. పెద్దోళ్ల ముందర మొగోడు బిడ్డను ఎత్తుకోగూడదు, ముద్దు చేయగూడదు. చేస్తే సిగ్గులేనోడు. మామ చేనికి పోయినాకనే నా మొగుడు కొడుకును ఎత్తుకునేది. వాకిట్లో మామ కిర్రుచెప్పుల సప్పుడు వినిపిస్తే సాలు, దొంగసొమ్ము మాదిరి బిడ్డను నా ఒళ్లో పడేసి, గోడకు తగిలించిన కొడవలిని అప్పుడే కొత్తగా చూస్తాండట్ల నిలబడేవాడు. ఆ బిడ్డ ఎవరో, ఎట్ల వచ్చినాడో తనకేం తెలీదన్నట్టు! మరిది కూడా ఆ కొడవలినే చూసేవాడు. ఆ కొడవలికి మా ఇంట్లో ఉన్నంత మర్యాద ఇంకే కొడవలికీ లేదు.

ఏడాది తిరిగేసరికి మరిది పరీక్షలు పాసయ్యె. అప్పటికి ఆంధ్ర వేరు పడి, కర్నూలు రాజధాని అయ్యి, ఆఫీసులన్నీ డేరాల్లో నడుస్తాండె. సర్కారోళ్లు కొందరు డాక్టర్లను ఏరి పిల్లల వైద్యం చదవనీకి మద్రాసు పంపుతారంట. సీట్లేమో పిడికెడు, అడిగేటోళ్లేమో తిరనాళ్ల జనం. ఆ మాట చెవిన పడతానే మామ రంగు మారింది.

"ఏందీ, తాశీల్దార్ల కొడుకులు కూడా దానికి కొట్టుకుంటాండారా? అయితే అది మంచి సీటే. మనకే రావాల."

ఆ పొద్దు నుంచి మా ఇంట్లో చీమిడి అనే మాట ఎవరూ ఎత్తలేదు.

మరిది ఒక్కడే పోయొస్తానంటే మామ వినలేదు. "రాజధానిలో నాకు తెలిసిన మనిషుండాడు. నువ్వు నోరు మూసుకొని నా వెనక రా" అన్నాడు. చంటోణ్ని అత్త దగ్గర విడిచి, వంటకని నేనూ బయల్దేరితి. బస్సులో మామ ఒళ్లో కుండెడు నెయ్యి. కొత్త పెండ్లికూతురిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు దాన్ని, కర్నూలు దాకా.

ఆ తెలిసిన మనిషి ఎవరనుకున్నారు? డేరా వాకిట్లో నిలబడే బంట్రోతు. నడుముకు పట్టీ, దానికి ఇత్తడి బిళ్ల. మామ ఆయన్ను దొర మాదిరి పలకరించి నెయ్యి చేతికిచ్చినాడు. బంట్రోతు మూత తీసి వాసన చూసి, "పనైపోయినట్టే అనుకో పెద్దాయనా" అన్నాడు. ఆ నేతికి న్యాయం చేయాల కదా పాపం, లోపల్నుంచి ఒక కుర్చీ తెచ్చి సరీగ్గా డేరా వాకిట్లో వేసినాడు. తక్కిన నాయనలంతా ఎండలో నిలబడుకొనుంటే మా మామ కుర్చీలో కాలు మీద కాలేసుకొని కూర్చున్నాడు.

"చూస్తివా అమ్మా, పలుకుబడి అంటే ఇది" అన్నాడు నాతో.

ఆ పలుకుబడే మా కొంప ముంచబాయ.

లోపల సీటు ఎవరికియ్యాలో తేల్చే ముగ్గురు పెద్ద డాక్టర్లు. నడుమ కూర్చున్నాయనకు తలంతా తెల్లగా నెరిసింది. ఉక్కకు డేరా గుడ్డలు పైకి చుట్టేసినారు కాబట్టి యాప చెట్టు కింద కూర్చున్న మాకు అంతా అగుపడతాండె. పరీక్ష కోసమని ఆస్పత్రి నుంచి తల్లుల్ని, పిల్లోళ్లను తెచ్చి ఆ చెట్టు కిందనే కూర్చోబెట్టినారు. నా పక్కన ఒక తురకల చిన్నది, ఒళ్లో దగ్గుతాండే కొడుకు. ఆమెనే లోపలికి పిలిచినారు. ఆ బిడ్డనే అందరూ చూడాలంట.

మొదట ఒకడు పోయినాడు, మెడకు టై. ఆ ఎండలో వాణ్ని చూస్తేనే నాకు ఊపిరాడలేదు. పోతానే తల్లి చేతిలోంచి బిడ్డను గుంజుకున్నాడు. బిడ్డ ఎత్తిన రాగం దించలేదు. వాడు రొమ్ము మీద గొట్టం పెట్టి, కండ్లు మూసి, తల ఊపి, ఇంగ్లీషులో ఏమేమో చెప్పినాడు. ఆ ఏడుపులో వానికి ఏం వినిపించిందో ఆ అల్లాకే తెలియాల. రెండోవాడు జేబులో గిలక తెచ్చుకున్నాడు. హారతిలో గంట కొట్టినట్టు బిడ్డ మొగం మీద కొట్టినాడు. బిడ్డ జడుసుకొని తల్లి కొంగులో దూరినాడు.

అట్ల ఇంకా కొందరు పోయొచ్చినాక మా మరిది. తిన్నగా పోయి బిడ్డ కోసమని చేతులు చాపినాడు. చాపి, తల ఎత్తితే ఎదురుగా ఏముంది? కుర్చీలో నాయన! మీసం, కిర్రుచెప్పులు, అన్నీ. చాపిన చేతులు అట్లే వెనక్కి పోయినాయి. మా ఇంట్లో కొడవలి దగ్గర నిలబడినట్టే నిలబడినాడు.

చెట్టు కింద ఒక కూలామె నన్ను మోచేత్తో పొడిచింది. "ఏమక్కా, మీవోడు బిడ్డను చూసి జడుసుకున్నట్టుండాడే? కరుస్తాదనుకున్నాడా?"

నాకు తల కొట్టేసినట్టాయ. మామకు ఏమీ అర్థం కాలేదు, ఇంకా నిక్కి నిక్కి చూస్తాండాడు. ఆయన చూసేకొద్దీ మరిది చేతులు బిగుసుకుపోతాండాయి.

చేసేది లేక మరిది ఆ తల్లి ముందర గొంతుక్కూర్చున్నాడు. "నీ ఒళ్లోనే పెట్టుకోమ్మా, చొక్కా ఒకటి పైకెత్తు" అని బిడ్డ రొమ్మునే చూస్తా ఉండిపోయినాడు. "ఇట్ల డొక్కలెగరేసేది ఎప్పట్నుంచి?"

"నిన్న పొద్దున్నుంచి సామీ."

"పాలు?"

"ఒక గుటక తాగుతాడు, ఊపిరాడక వదిలేస్తాడు."

ఎవరూ గుంజుకోకపోయేసరికి బిడ్డ ఏడుపు ఆపి ఆయప్ప మెడలో గొట్టం పట్టుకున్నాడు. అట్ల పట్టుకోనిస్తానే, మరిది దాని బిళ్లను బిడ్డ వీపుకు ఆనించి విన్నాడు.

తెల్లతలాయన ముందుకు వంగినాడు. "బిడ్డను ముట్టకముందు చూడాల, తల్లిని అడగాల. పొద్దున్నుంచి ఒక్కరూ ఈ పని చేయలే. నీకెవరు నేర్పినారు?"

నేనే నేర్చుకున్నానని అబద్ధం చెప్పింటే అక్కడికక్కడే సీటు చేతికొచ్చేది. ఆయప్పకు ఆ తెలివి లేదు.

"ఎవరూ నేర్పలేదు సార్. మా నాయన ఆడ కూర్చోనుండాడు. పెద్దోళ్ల ముందర మేము పిల్లోళ్లను ఎత్తుకోము."

పక్కనున్న ఇద్దరూ పొట్ట పట్టుకొని నవ్వినారు. తెల్లతలాయన నవ్వలేదు. "బిడ్డ ప్రాణం మీదికొస్తే అప్పుడు కూడా మీ నాయన యాడుండాడని వెతుక్కుంటావా? ఎత్తుకో. ఇప్పుడే. చేతకాకపోతే ఊరికి పో."

మరిది కదల్లేదు. చదువు, మద్రాసు, అన్నీ ఆ రెండు చేతుల్లో ఆగిపోయినాయి.

అప్పుడు మా మామ లేచినాడు. కుర్చీని రెండు చేతులా పట్టుకొని, గిర్రున హంద్రీ ఏటి తట్టుకు తిప్పి, డేరాకు వీపు పెట్టి కూర్చున్నాడు. "ఏం ఎండప్పా, కండ్లలో పొడుస్తాండాది" అన్నాడు గట్టిగా. ఎండ ఆ తట్టునుంచే కొడతాండె. దానికి ఎదురుగా తిరిగి, కండ్లు చికిలించుకొని, నీళ్లు కారతాంటే అట్లే కూర్చున్నాడు.

మరిది బిడ్డను ఎత్తుకున్నాడు. గంప ఎత్తినట్టు ఎత్తినాడు, ఆ తల్లే మోచేయి సరిచేసింది. బిడ్డ ఆయప్ప భుజం మీద తల వాల్చినాడు. ఒక్క గడియ ఆ ఊపిరి విని, మరిది మొగం మారిపాయ.

"సార్, ఈ బిడ్డ పరీక్షకు తెచ్చే బిడ్డ కాదు. ముందు వార్డుకు పంపండి."

నవ్వుతాండే ఇద్దరూ లేచి బిడ్డ దగ్గరికొచ్చినారు. పొద్దున్నుంచి అంత పెద్ద డాక్టర్లు ముగ్గురు, వచ్చిన చిన్న డాక్టర్లు, అందరూ ఆ బిడ్డను చూసినారు. ఆ ఒక్కమాట ఎవరి నోటా రాలే. తెల్లతలాయన తన జీపులోనే తల్లీబిడ్డలను పంపించినాడు.

పొద్దు వాలేటప్పుడు బంట్రోతు బయటికొచ్చి పేర్లు చదివినాడు. మా మరిది పేరు చదివి, "నెయ్యి ఊరికే పోతాదా పెద్దాయనా?" అన్నాడు. మామ మీసం తిప్పి, "నెయ్యి కాదబ్బీ, నేను కుర్చీ తిప్పబట్టి వచ్చింది" అన్నాడు. తెల్లతలాయనేమో, మంచి డాక్టరును పట్టిన కన్ను తనదని తక్కిన ఇద్దరికీ చెప్పుకుంటా పోయినాడు. సీటు ఒకటే, తెప్పించినోళ్లు మాత్రం శానామంది.

మరుసటి పొద్దున బస్సుకు ముందు మరిది, నేను ఆస్పత్రికి పోతిమి. మామ రోడ్డు మీదనే నిలబడినాడు, లోపలికి రాలే. ఆ చిన్నది మంచం మీద కూర్చోని బిడ్డకు పాలిస్తాంది. నన్ను చూసి నవ్వింది. "ఈ పొద్దు కొరుకుతాండాడక్కా" అనె.

ఇంతసేపు విన్నారు. మీ ఇంట్లో చంటిబిడ్డలు కడుపునిండా పాలు తాగి, కొరికి, తన్ని, మిమ్మల్ని కునుకు తీయనియ్యకుండా నవ్వాల. మీ పొయ్యి ఆరగూడదు, మీ ఉట్టి మీద కుండ వెలితి పడగూడదు. సల్లగా ఉండండి నాయనా, మీరూ మీ ఇల్లూ.